చిన్నగంట మోగిన పొద్దు

ఎల్మరిడ్ చర్చి గోడలు లేచి ఏడువందల ఏళ్లయింది. కప్పు రెండుసార్లు కాలింది, పాస్టర్లు లెక్కలేనంతమంది మారారు. గంటల పద్ధతి మాత్రం మారలేదు. ఊళ్లో ఎవరు పోయినా మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గంట మోగాలి. మగవాళ్లకు పెద్దది, ఆడవాళ్లకు చిన్నది. ఇరవయ్యారేళ్లుగా ఆ తాళ్లు లాగేది గున్‌వోరే. సమాధుల మధ్య గడ్డి కోసేదీ, మెట్ల మీద మంచు ఎత్తిపోసేదీ ఆవిడే.

ఆ గురువారం గంట ఆగిన కాసేపటికి, పొరుగింటి ఎవాల్డ్ చేతిలో దాల్చినచెక్క రొట్టెతో రొప్పుతూ చర్చిలోకి వచ్చాడు.

"ఏం గంట కొట్టావమ్మా తల్లీ! చిన్నగంట విని, పోయింది మా వీధి సిగ్నే ముసలమ్మేననుకుని పరామర్శకు పరిగెత్తాను. తలుపు తీసింది ఆవిడే! 'ఏరా, నన్నప్పుడే పూడ్చేశారా?' అని ఇంతెత్తున లేచింది. ఇంతకీ పోయిందెవరు?"

"రాగ్నార్," అంది గున్‌వోర్. "నిన్న సాయంత్రం, ఆస్పత్రిలో."

రాగ్నార్ ఆవిడ మొగుడు. ఎవాల్డ్ తల మీది టోపీ తీశాడు.

గున్‌వోర్ ఇంకా వదలని చేతిలో తాడు వంక చూసుకుంది. చిన్నగంట తాడే. ఏడుపూ రాలేదు, సిగ్గూ వేయలేదు. పొద్దున లేచి కాఫీ తాగింది, మంచు తీసింది, తాడు లాగింది. ఏ తాడో చూసుకోలేదు, అంతే.

"పెద్దది కొట్టాలి," అంది.

"ఇప్పుడు అదీ కొడితే, ఇద్దరు పోయారనుకుంటారు కదమ్మా ఊళ్లో," అన్నాడు ఎవాల్డ్ మెల్లగా.

"అనుకోనీ," అని గున్‌వోర్ పెద్దగంట తాడు అందుకుంది.