రెండు వైపుల నుంచీ కదిలిన బొమ్మ

1981 ఆగస్టులో నన్ను జహీరాబాద్ శాఖా గ్రంథాలయానికి గ్రేడ్-2 లైబ్రేరియన్‌గా వేశారు. తెలుగు పుస్తకాలు ఆరు బీరువాలు, ఉర్దూవి రెండు, కన్నడం, మరాఠీ కలిపి ఒక అర. సిబ్బంది నేనూ, అటెండరు మొగులయ్యా.

చేరిన కొద్ది రోజులకే జిల్లా కార్యాలయం నుంచి రెండు ఉత్తర్వులు వచ్చాయి. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు ముగిసేలోగా ఉర్దూ విభాగంలో కొత్త సభ్యులు చేరకపోతే ఆ రెండు బీరువాలనూ సంగారెడ్డికి తరలిస్తామన్నది మొదటిది. ప్రతి శాఖా కదిలే బొమ్మతో ప్రచారం చేయాలన్నది రెండోది. దానికి నమూనా జతపరిచారు. నమూనాను మార్చరాదని కింద గీత గీసి మరీ రాశారు. నిధులు మాత్రం జతపరచలేదు.

ఆ నమూనా అరచేతిలో పట్టే కార్డుల కట్ట. ఎడమ అంచున దారంతో కుట్టి ఉంటుంది. ఒక్కో కార్డు మీద ఒకే బొమ్మ, కాస్త కాస్త మారుతూ. బొటనవేలితో కార్డులు గబగబా వదిలితే ఒక మనిషి నడిచి వస్తాడు, గ్రంథాలయం తలుపు తెరుచుకుంటుంది, లోపలికి పోతాడు, తలుపు మూసుకుంటుంది. నేను వాడకుండా మిగిలిపోయిన ఖాళీ కేటలాగు కార్డులు వాడాను. వాటికి మంచి బిరుసు ఉంటుంది. ముందు బొమ్మ మీద పల్చటి కాగితం పెట్టి కిటికీ అద్దానికి ఆనించి గీసుకోవాలి, కాలూ తలుపూ మాత్రం వెంట్రుకవాసి జరపాలి. ఎక్కువ జరిపితే మనిషి గెంతుతాడు. వారం రోజులు మెడ పట్టేసింది.

తయారైన కట్టను మొదట కరీం సాబ్ చేతిలో పెట్టాను. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవారు. ఉర్దూ విభాగానికి రోజూ వచ్చే మనిషి దాదాపు ఆయనొక్కరే. సాయంత్రం ఒక నవల తీసుకుపోయి, మర్నాడు తెచ్చిచ్చేవారు. ఆయన కట్టను ఒకసారి తిప్పారు, మళ్ళీ తిప్పారు, నా మొహం చూశారు.

"ఏం సార్, తలుపు తీసి మనిషిని ఎన్కకు నూకుతున్రు. బీరువాలు పోతయని ఎరుకే. మమ్మల్ని గూడ ఎల్లగొడ్తున్నరా?"

"కరీం భాయ్, నువ్వు ఆఖరు కెల్లి తిప్పుతున్నవ్," అన్నాడు మొగులయ్య.

"నేను మొదటికెల్లే తిప్పుతున్న. మీరే జిందగీ అంత ఆఖరు కెల్లి తెరుస్తున్రు."

ఉర్దూ పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది. ఎవరి కోసం బొమ్మ వేయమన్నారో, వాళ్ళకు అది తిరగబడి కనిపిస్తోంది. బాణం గుర్తు వేయించి, ఇటు నుంచి తిప్పండి అని ఉర్దూలో రాయించాను. కరీం సాబ్ అది చదివి, తలూపి, అలవాటు కొద్దీ అటు నుంచే తిప్పారు. మార్చడానికి అనుమతి కోరుతూ జిల్లాకు రాశాను. నమూనాను మార్చరాదని జవాబు వచ్చింది, మళ్ళీ గీతతో. ఆ రోజు డైరీలో నేను రాసుకున్న మాట ఇక్కడ రాయదగింది కాదు.

కార్డుల వెనక వైపు ఖాళీగానే ఉంది. దాని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు. మొదటి బొమ్మను పల్చటి కాగితం మీద తీసుకుని, కాగితం తిరగేసి, చివరి కార్డు వెనక దించాను. రెండో బొమ్మ దాని ముందు కార్డు వెనక. ఇలా మొత్తం. ఇప్పుడు కట్టను ఉర్దూ పుస్తకంలా తెరిస్తే మనిషి కుడి నుంచి వచ్చి తలుపులోకి పోతాడు. ముందు వైపు నమూనా నమూనాగానే ఉంది.

కరీం సాబ్ తిప్పి చూసి, "గిప్పుడు లోపటికి పోతుండు. జర ఇంటికి కొంటవోత," అన్నారు.

మర్నాడు కట్టతో పాటు ఒక ప్రశ్న తెచ్చారు. "మా ఇంట్ల అడుగుతున్రు సార్. బొమ్మల మొగోడే పోతుండు. ఆడోళ్ళకు మెంబరు కార్డు ఇయ్యరా?"

ఇస్తామన్నాను. సభ్యురాలు రానక్కరలేదు, కార్డు ఇచ్చి ఎవరినైనా పంపవచ్చు. అప్పుడు బయటపడింది. ఆయన తీసుకుపోయే నవలలు ఆయన చదవరు. భార్యా, చెల్లెలూ, గల్లీలోని ఆడవాళ్ళూ రోజుకొకరు చొప్పున రాత్రికి రాత్రి చదివి పంపేవారు. ఉర్దూ పాఠకులు లేరని జిల్లా అనుకుంటోంది. ఒక గల్లీ అంతా ఒకే కార్డు మీద చదువుతోంది.

"ముందే చెప్పొచ్చు కదా," అన్నాను, విసుగు దాచుకోకుండా.

"మీరు అడిగిన్రా?" అన్నారు.

వారోత్సవాల్లో ఆ కట్ట ఇల్లిల్లూ తిరిగింది. వచ్చిన దరఖాస్తులన్నీ ఆడవాళ్ళవే. చివరి రోజు తనిఖీ అధికారి వచ్చి, దరఖాస్తులు చూసి బీరువాలు ఉండనిమ్మన్నారు. తర్వాత కదిలే బొమ్మ అడిగారు. అటూ ఇటూ తిప్పారు. పది రోజులకు నాకు మెమో వచ్చింది: అనుమతి లేకుండా కార్డుల వెనక వైపు ఉపయోగించినందుకు సంజాయిషీ ఇవ్వవలసింది. ఇచ్చాను.

ఆ తర్వాత ఎక్కడ పనిచేసినా, ప్రచారానికి ఏది తయారుచేసినా ముందు ఒక ఖాళీ కట్ట పాఠకుడి చేతికిచ్చి, ఏ వైపు నుంచి తెరుస్తాడో చూసేవాణ్ణి. తీసుకుపోయే పుస్తకం ఇంట్లో ఎవరు చదువుతారని అడిగేవాణ్ణి. బొమ్మ ఆ తర్వాతే.