ముత్తక్క దవడ, పగిడయ్య ముక్కు

ముత్తక్కకు కోపమెక్కువ అని ఊరంతా అంటుంది. ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. వాళ్లు చెప్పరు గనకే ఇది చెప్పాల్సి వస్తోంది.

ఎనభై ఆరు వరదకు రెండు మూడేళ్ల ముందు మాట. భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున, అడవిని ఆనుకుని ఉన్న ఊరు. ముత్తక్క పుట్టిల్లు ములకలపల్లి దిక్కు. ఏరు తప్ప నది ఎరగని పిల్ల. అయినా కాపురానికొచ్చిన ఏడాదికే దోనెలో కుదురుగా కూర్చోవడం నేర్చింది. మొగుడు బొజ్జయ్య గడ వేసేవాడు. ఆమె చింతపండు గంప ముందు పెట్టుకుని అవతలి ఒడ్డు సంతకు పోయేది.

ఆ ఎండాకాలం చేపల వేలంపాట దక్కించుకున్న కాంట్రాక్టరు, మడుగు ఇరుకైన చోట నదికి అడ్డంగా వల కట్టించాడు. దోనెలు పోయేందుకు ఒక పక్క సందు వదిలాడు, అదే పెద్ద ధర్మం అన్నట్టు. బొచ్చె చేప సంగతి నది మీద బతికేవాళ్లందరికీ తెలుసు. దారి మూసుకుపోతే వలకు మూతి ఆనించి చూస్తుంది. వెనక్కి పోతుంది. ఒక్క ఊపున వచ్చి వల మీదుగా గాల్లోకి లేస్తుంది. అవతల నీళ్లున్నాయా, మనిషి ఉందా అన్నది దానికి పట్టదు. ఆ పొద్దున మనిషే ఉంది. మేకపిల్లంత బొచ్చె వచ్చి ముత్తక్క దవడ మీద పడింది.

రెండు పళ్లు గోదావరి పాలయ్యాయి. చేప దోనెలో పడి, తోక కొట్టుకుని, మళ్లీ నీళ్లలోకి దూకి తన దారిన తాను పోయింది. భద్రాచలం దవాఖానాలో కట్టు కట్టి పంపారు. ఎముక అతికింది గాని వంకరగా అతికింది.

అప్పటికి ఆమెకు కోపం లేదు, నొప్పి ఉందంతే. కోపాన్ని ఊరు తెచ్చిపెట్టింది.

మామిడి పండుగ చేసి వేల్పుకు పెట్టందే కొత్త కాయ ఎవరూ నోట పెట్టకూడదని అక్కడి కట్టుబాటు. పండుగకు ఇంకా నెల పైనే ఉంది. వేల్పుకు పూజ చేసే పెద్ద పగిడయ్య పరామర్శకొచ్చి, ఆమె మూతి చూసి, గుమ్మంలోనే తేల్చేశాడు.

“గోదారి తల్లి ఊకెనే కొట్టదు. పండుగకు ముందే మామిడి తిన్నవు కోడలా. అందుకే నోటి మీదనే కొట్టింది.”

కట్టు కట్టిన నోటితో ఏం చెబుతుంది? తల అడ్డంగా ఊపింది. నొప్పికి ఊపుతోంది అనుకున్నారు. “వల అడ్డమున్నది మామా” అని బొజ్జయ్య గొణిగాడు. పగిడయ్య అతని దిక్కు ఒక చూపు చూశాడు. బొజ్జయ్య మళ్లీ నోరెత్తితే ఒట్టు. ఆ ఇంట్లో విరిగిన దవడ ఒకటి, బాగున్న దవడ ఒకటి. రెండూ ఒకటే అయ్యాయి.

తప్పు ఒప్పుకుని వేల్పుకు ఒక కోడిని ఇస్తే సరిపోతుందన్నారు. కట్టు విప్పిన రోజు ముత్తక్క అన్న మొదటి మాట ఇది.

“నేను తినలే. కోడినియ్య.”

ఇంట్లో కోళ్లకేం కొదవ లేదు. కానీ తిననిది తిన్నానని ఎందుకు ఒప్పుకోవాలి? ఆ ఏటి పండుగలో అందరి చేతుల్లో మామిడి ముక్క పెట్టి, ఆమె చేతిని దాటుకుని పోయారు. తునికాకు కోతకు ఎవరూ జతగా రాలేదు. పులుపు కూడా తగలని నోటికి దొంగ పేరు కట్టారు. ఇది అన్యాయం కాకపోతే అన్యాయమంటే ఏమిటో నాకు తెలియదు.

ఏడాది తిరిగింది. మళ్లీ అదే మడుగు, అదే వల. పగిడయ్య దోనె ఎండకు నెర్రెలిచ్చింది. పండుగ సామాన్లకు సంతకు పోవాలి. తప్పక బొజ్జయ్య దోనె ఎక్కాడు. ముత్తక్క అప్పటికే అందులో కూర్చుని ఉంది.

“వల పక్క నుంచి తోలు” అంది మొగుడితో.

“అటెందుకే? సందు ఇటున్నది గదా.”

“తోలమన్న.”

ఆ గొంతు విని బొజ్జయ్య తోలాడు. వల దగ్గర పడగానే ముత్తక్క ఖాళీ గంప తలమీద బోర్లించుకుంది.

“గంపెందుకే?” అన్నాడు పగిడయ్య.

“ఎండ మామా.”

ఎండ ఇంకా చెట్లు కూడా దాటలేదు. ఆమె అరచేత్తో దోనె అంచును దబదబ బాదింది. నీళ్లు కదిలాయి. ఒక బొచ్చె వల దాటింది. ఇంకొకటి గంపకు తగిలి పడింది. మూడోది సరిగ్గా పగిడయ్య ముక్కు మీదికి వచ్చింది.

అవతలి ఒడ్డున సంతకొచ్చిన ఊరి జనం మూగారు. పగిడయ్య నెత్తురు కారుతున్న ముక్కు పట్టుకుని మండిపడ్డాడు.

“నదికి అడ్డం వల కట్టిండ్రు. దారి మూస్తే బొచ్చెలు ఎగరవా మరి?”

ముత్తక్క గంప తీసింది.

“అవ్ మామా, ఎగురుతయ్. మరి పోయిన ఏడు నేను తిన్న మామిడేంది? ఆడదానికి తగిలితే పాపం, నీకు తగిలితే వలనా?”

పగిడయ్య తలపాగా ముక్కుకు ఒత్తుకున్నాడు.

“కోడినిస్త” అన్నాడు చివరకు.

“కోడెవరికి కావాలె? తినలేదని చెప్పు. గట్టిగ.”

చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు. ఆ ఏటి పండుగలో మొదటి ముక్క ఆమె చేతిలోనే పెట్టాడు. వంకర దవడతో ఒక పక్కనే నములుతుంటే, బొజ్జయ్య వచ్చి పక్కన చతికిలబడి, నలుగురికీ వినబడేలా అన్నాడు.

“నేనానాడే చెప్పిన, వల వల్లనే అని.”

ముత్తక్క నమలడం ఆపింది.

“చెప్పలే. గొణిగినవ్.”