ఖాళీ బల్ల మీద ప్రశ్నపత్రం

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని ఆటపట్టించడమే తప్ప ఏనాడూ నమ్మినదాన్ని కాదు. ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. అయినా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా పెద్ద మేనత్త చిన్నప్పుడు ఇక్కడే, విశాఖలో, సీనియర్ కేంబ్రిడ్జ్ పరీక్షకి కూర్చుంది. ప్రశ్నలు ఇంగ్లండ్ నుంచి వచ్చేవి, జవాబులు ఓడెక్కి అక్కడికే వెళ్లేవి. ఇంగ్లీషు పేపర్లో తుఫాను మీద కథ రాస్తుండగా ఆమెని బయటికి పిలిచారు. పోర్టులో పనిచేసే వాళ్ల నాన్న, మా తాతయ్య, క్రేన్ కింద పడి పోయారు. ఆ తర్వాత చదువు లేదు, పెళ్లి చేసేశారు. "నా కథ సగంలో ఉండిపోయిందే" అని ఎనభై దగ్గర పడ్డా నాతో అంటూనే ఉండేది.

నేను పనిచేసే స్కూల్లో ఇప్పుడూ కేంబ్రిడ్జ్ పరీక్షలే. మొన్న వేసవిలో ఇంగ్లీషు పేపరుకి హాల్లో డ్యూటీ నాకు పడింది. అత్త అప్పటికే గాజువాక ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు ఆశ వదిలేశారు. పరీక్ష అవగానే వెళ్దామనుకున్నాను.

సీలు వేసిన ప్యాకెట్టు పిల్లల ఎదుటే కత్తిరించాను. ఒకమ్మాయి రాలేదు. రాకపోయినా బల్ల మీద ప్రశ్నపత్రం పెట్టి ఉంచడం మా స్కూలు పద్ధతి, పెట్టాను. దారి తప్పిన ఒంటెని ఇంటికి చేర్చే కథ రాయమన్నారు. సముద్రం ఒడ్డు పిల్లలకి ఈ ఒంటె గోలేమిటని లోపల్లోపల నవ్వుకున్నాను.

కాసేపటికి ఒక పిల్ల చెయ్యెత్తింది. "మేడం, నా ఎనక ఎవరో పెన్నుతో గీకుతన్నారు. నాకు రాయడం అవట్లేదు."

ఆ పిల్ల వెనక ఉన్నది ఆ ఖాళీ బల్లే. ఫ్యాను చప్పుడులే అని సర్ది చెప్పాను. టైం అయిపోగానే ఎప్పట్లాగే గట్టిగా అన్నాను, పెన్నులు కింద పెట్టేయండని.

బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే అత్త పోయిందని కబురు.

ఆసుపత్రికి పరిగెత్తాను. అత్త దగ్గరున్న ఆయా నన్ను చూసి ఏడ్చేసింది. "పొద్దుట్నించీ దుప్పటి మీద ఏలితో రాత్తనే ఉన్నారమ్మా. ఏటి రాత్తన్నారు అనడిగితే, ఒంటె తప్పిపోనాది, ఇంటికి సేర్చాల అన్నారు. ఆకర్న 'ఇంకొంచెం టైమివ్వండి మేడం' అని బతిమాలారు. ఇక్కడ మేడం ఎవలూ నేరమ్మా అన్నాను నాను."

అత్త పాత ప్రశ్న తుఫాను గురించి. ఒంటె సంగతి ఆ పొద్దున నా కత్తెర పడేదాకా మా స్కూల్లోనే ఎవరికీ తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. భయం వేయలేదు, ఏడుపొచ్చింది.

పెన్నులు పెట్టేయమనే ముందు నేను ఒక్క నిమిషం ఆగి ఉంటే, ఆ ఒంటె ఇల్లు చేరేదేమో.