ఇస్ఫహాన్‌లో మా ఆయన ఎక్కిన కారు

దేవుణ్ణి నమ్ముతాను, దయ్యాల్ని నమ్మను. ఈ రెండో మాట ఇప్పటికీ అంటూనే ఉన్నాను గానీ, మునుపటంత గట్టిగా అనలేకపోతున్నాను.

మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తేదీ, సమయం, సంతకం లేని కాగితం మా దగ్గర కాగితమే కాదు. చర్చిలో ఎవరైనా లేచి దర్శనం కలిగిందని సాక్ష్యం చెబితే, "ఎన్ని గంటలకి? ఇంకెవరు చూశారు?" అని మనసులో అనుకునే రకాన్ని. అందుకే జరిగింది జరిగినట్టు, నాకు తెలిసినంత మేరకే రాస్తున్నాను.

మా ఆయన పేరు సుధీర్. ఆయనతో పనిచేసే బెహ్రూజ్‌ది ఇరాన్. రెండేళ్ళ కిందట మే నెలలో అతని పెళ్ళి ఇస్ఫహాన్‌లో జరిగింది. ఇండియా వెళ్తూ దారిలో ఐదు రోజులు అక్కడ ఆగి పెళ్ళి చూసుకుని వెళ్తానని ఈయన మాటిచ్చేశారు.

మాటిచ్చేయడం ఆయన జబ్బు. ప్రేమగా అడిగితే ఎవరినీ కాదనలేరు. ఒకసారి తలుపు కొట్టి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చెక్ చేస్తామన్నవాణ్ణి లోపలికి పిలిచి, టీ ఇచ్చి, ఆ మొహమాటంలోనే పదేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశారు. మొహమాటానికి పోతే ఏదో అయిందన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది.

ఇలాంటి మనిషిని ఒంటరిగా కొత్త ఊరికి పంపడమంటే నాకు భయం వేసింది. బెహ్రూజ్‌ని ఇంటికి భోజనానికి పిలిచి, వాళ్ళ ఊళ్ళో టూరిస్టులు ఎక్కడెక్కడ మోసపోతారో అడిగి రాసుకున్నాను. వాళ్ళ ఊరివాళ్ళు అతిథిని నెత్తిన పెట్టుకుంటారట. ఆ మంచితనం చాటున బతికేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా నలుగురుంటారు, అక్కడా అంతే అన్నాడు.

రోడ్డు మీద పలకరించేవాడి దగ్గర డబ్బు మార్చకూడదు. ధర చెబితే రియాళ్ళా, తోమన్లా అని అడగాలి, రెండింటికీ ఒక సున్నా తేడా. టాక్సీవాడు "మీ దగ్గర డబ్బులేంటండీ" అంటాడు. అది మర్యాదకి అనే మాట, నిజమనుకుని దిగిపోతే గొడవే. ఎక్కేముందే రేటు తేల్చుకోవాలి. "ఇవాళ మసీదు మూసేశారు, మా బాబాయి తివాచీల కొట్టు చూపిస్తా రండి" అంటే నవ్వి ముందుకి నడవాలి.

ఆఖరిది మాత్రం బెహ్రూజ్ నవ్వకుండా చెప్పాడు. కారులో వచ్చి పోలీసులమంటూ పాస్‌పోర్టు అడిగితే ఇవ్వొద్దు. ఆ కారు అసలే ఎక్కొద్దు. హోటల్‌కి నడిచి వెళ్దాం, అక్కడ చూపిస్తాననాలి. లేదంటే పక్కనున్న ఏదో ఒక కొట్లోకి వెళ్ళిపోవాలి.

దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశాను. ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. పాస్‌పోర్టు పోతే మనిషి అక్కడే చిక్కుకుపోతాడు. మనిషికే ఏమైనా అయితే ఇక్కడ నేను ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

పెళ్ళి మర్నాడు శనివారం. ఉదయం ఏడున్నరకి మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. ఆరుగురం ఆడవాళ్ళం కూర్చున్నాం. డ్యూటీలో ఉండి రాలేనివాళ్ళ కోసం ప్రార్థనని ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టడం మాకు అలవాటు. ఆ రోజు రికార్డు చేసింది నేనే.

ఆ రోజు ప్రార్థన చేసింది రాహేలమ్మ ఆంటీ. పాలకొల్లు నుంచి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ. ఇంగ్లీషు రాదు. ఇరాన్ ఎక్కడుందో తెలియదు. "మా ఆయన ప్రయాణంలో ఉన్నారు, ప్రార్థించండి ఆంటీ" అన్నాను, అంతే. ఏ దేశమో కూడా చెప్పలేదు.

ఆవిడ ఎవరిదో మోకాలి నొప్పి గురించి మెల్లగా ప్రార్థిస్తున్నారు. మధ్యలో మాట ఆగిపోయింది. ప్రార్థన మధ్యలో ఏడుపొచ్చి ఆగడం మామూలే కాబట్టి మేము కళ్ళు తెరవలేదు.

తర్వాత వినబడింది ప్రార్థన గొంతు కాదు. పిల్లాణ్ణి కేకలేస్తున్న గొంతు.

"ఎందుకెక్కేవు నాయనా? దిగు. బండి దిగు. దిగమంటన్నానా?"

అలవాటు కొద్దీ ఎవరో "ఆమెన్" అన్నారు. నేను కళ్ళు తెరిచాను. ఆంటీ కళ్ళు మూసుకునే ఉన్నాయి, చేత్తో సోఫాని కొడుతున్నారు. నుదురంతా చెమట. "దిగు, దిగు" అని తొమ్మిదిసార్లు అన్నారు. రికార్డింగులో తర్వాత లెక్కపెట్టాను. ఆమె ఆగాక గోడ గడియారం చూశాను, ఎనిమిదీ పన్నెండు.

కళ్ళు తెరిచాక ఆవిడకేమీ గుర్తులేదు. "నోరెండిపోయిందమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు. నీళ్ళిచ్చి, పైకెళ్ళి తలుపేసుకుని ఆయనకి ఫోన్ చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. పదకొండుసార్లు చేశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏమీ తెలియకుండానే ఏడుస్తూ, దేవుణ్ణి వేడుకుంటూ, ఈయన్ని తిట్టుకుంటూ మంచం మీద కూర్చున్నాను.

నలభై నిమిషాల తర్వాత ఆయనే చేశారు. "సునీతా, నువ్వు తిట్టనంటే ఒకటి చెప్తాను" అన్నారు.

ఆ మధ్యాహ్నం బెహ్రూజ్ చుట్టాలతో తీరిక లేకుండా ఉన్నాడు. ఈయనొక్కరే పెద్ద మైదానం చూసి హోటల్‌కి నడిచి వస్తున్నారు. తెల్ల కారు ఆగింది. లోపల ఒక్కడే, మన నాన్నల వయసు మనిషి. గుండె మీద చెయ్యి పెట్టుకుని నమస్కారం చేశాడట. కార్డేదో చూపించి, పోలీసునని, ఎండగా ఉంది, లోపల కూర్చోండి, రెండు నిమిషాల్లో పాస్‌పోర్టు చూసి ఇచ్చేస్తానని వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాడట. పెద్దాయన అంత మర్యాదగా పిలుస్తుంటే కాదనడానికి ఈయనకి నోరు రాలేదు. వెనక సీట్లో కూర్చుని పాస్‌పోర్టు, అడిగితే ఫోను కూడా ఇచ్చేశారు.

కారు కదిలింది. హోటల్ వైపు కాదు. ఆపమంటే ఆపలేదు. నది దాటింది, జనం పలచబడ్డారు. తలుపు తీయబోతే లోపల్నుంచి రాలేదు. అప్పుడు ఆయనకి నా ఎర్ర గీతలు గుర్తొచ్చాయట. గుర్తొచ్చి ఏం లాభం?

ఉన్నట్టుండి ఆ మనిషి అద్దంలోకి చూశాడు. బ్రేకు తొక్కి వెనక్కి తిరిగాడు. చూసింది ఈయన్ని కాదు, పక్కనున్న ఖాళీ సీటుని. మొహంలో నెత్తురు లేదు, పెదాలు ఏవో జపిస్తున్నాయి. పాస్‌పోర్టు, ఫోను వెనక్కి విసిరేసి, దిగి వచ్చి తలుపు లాగి, "యూ గో. లేడీ గో" అని అరిచాడు. ఈయన దిగీ దిగకముందే తలుపు కూడా వేయకుండా కారు తోలుకుపోయాడు.

"మగాణ్ణి పట్టుకుని లేడీ అంటాడేంటి, వాడి ఇంగ్లీషూ వాడూ" అని నవ్వడానికి చూశారు. కారు దిగేసరికి టైమెంతయిందని అడిగాను. ఫోను చేతికి రాగానే ఆన్ చేసి చూశారట, మూడూ నలభై రెండు. సిగ్నల్ మాత్రం హోటల్‌కి చేరాకే దొరికిందట. ఇస్ఫహాన్ మిస్సిసాగాకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది.

ఆంటీ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. కారు సంగతి ఆంటీకే కాదు, ఇంకెవరికీ చెప్పలేదు. దూరంలో ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకనుకున్నాను.

మూడు వారాల తర్వాత ఇండియా నుంచి ఇల్లు చేరారు. ఆ ఆదివారం సాయంత్రం రాహేలమ్మ ఆంటీ కూతురితో చూడ్డానికొచ్చారు. ప్రార్థన చేయించుకోవడానికి ఈయన తల వంచితే, ఆవిడ చెయ్యి పట్టుకుని మొహంలోకి చూశారు.

"దిగేవు కదా, మంచిది నాయనా. మరి నీ పక్కన కూచున్నావిడో?"

ఈయన తలెత్తారు. "ఎవరాంటీ?"

"అదేంటి నాయనా? నీ భుజం మీద తలెట్టుకుని కూచుంది కదా. నువ్వూ దిగమ్మా అంటే నాకేసి చూసింది గానీ, పలకలేదు."

వాళ్ళ కూతురు "అమ్మా, ఏం మాట్లాడుతున్నావ్?" అని కసిరింది. ఆంటీ తికమకపడి చుట్టూ చూసి, తనేమన్నారో మమ్మల్నే అడిగారు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా గుర్తులేదనే అన్నారు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ముసలాడికి ఎండదెబ్బ తగిలిందేమో. పెద్దావిడకి వయసు మీద పడిందేమో. గంటలు కలవడం కాకతాళీయమేమో. విడివిడిగా ఒక్కొక్కటీ ఒప్పుకోగలను. మూడూ ఒక్క నిమిషంలో ఎలా కలిశాయో మాత్రం నాకు అంతుబట్టలేదు. ఆయన్ని కాపాడిందే అయితే చేతులెత్తి దండం పెడతాను. కానీ కాపాడ్డానికే వచ్చిందని ఎవరు చెప్పారు?

ఇప్పుడు మేమిద్దరం కారులో వెళ్తుంటే వెనక సీటు ఖాళీగా ఉంచను. ఇంకేమీ లేకపోతే బియ్యం బస్తా అయినా అక్కడ పెడతాను. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు ఆయన దిగినప్పుడు ఆవిడ కూడా దిగిందో లేదో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు.