లక్క కింద పెన్సిల్ గీత

నాకు కుదురు లేదని ఇంట్లో అందరూ అంటారు. ఆ నెల మరీ లేదు. విశాఖపట్నంలో కొత్త చిత్రకారుల ప్రదర్శనకు ఒక్క బొమ్మ పంపాలి, నెలాఖరు గడువు. గీసినవి పాతిక దాకా ఉన్నాయి గానీ, ఏది తీసి చూసినా మా డ్రాయింగ్ మేడమ్ గారు వేసినట్టే ఉంది. అవే పొడుగు మెడలు, అవే వాలిన కళ్ళు. నర్సీపట్నంలో వాళ్ళింటి ముందుగదిలో ఎనిమిదేళ్ళు కూర్చుని నేర్చుకున్నదాన్ని, ఇంకెలా వస్తాయి? ఆవిడ పక్కనుంటే చెయ్యి దానంతటదే నడిచేది. ఒంటరిగా కాగితం ముందు కూర్చుంటే గోళ్ళు కొరుక్కోవడమే పని.

విసుగొచ్చి ఒకరోజు, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి బస్సెక్కాను. ఎస్. రాయవరం వైపు ఒక ఊళ్ళో లక్కబొమ్మలు చేసే ఆవిడ ఉంది. మా పిల్లలకు చూపించడానికి ఒకసారి బడికొస్తే పరిచయమైంది. ఆవిడ కాగితం మీద ఎన్నడూ ఏదీ గియ్యలేదు. తిరిగే మెషిన్‌కి కర్రముక్క బిగించి, ఉలితో చెక్కి, రంగు లక్క కడ్డీ ఆనిస్తుంది. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. నేను పెన్సిల్ చెక్కుకునే లోపు ఆవిడ చేతిలో కుంకుమభరిణె తయారు.

నన్నూ కూర్చోబెట్టింది. భరిణె చెక్కిచ్చి రంగు పెట్టమంది. నేను మెషిన్ ఆపించి, బ్యాగులోంచి పెన్సిల్ తీసి, కర్ర మీద చుట్టూ లత గీసుకున్నాను. ముందు పసుపు లక్క పట్టించి, చల్లారాక, లీలగా కనపడే గీతల వెంబడి ఆకులకు పచ్చరంగు అద్దుదామని నా తెలివి.

"ఏటమ్మా అది?" అందావిడ.

"తప్పు పోకుండా, అక్కా."

ఆవిడ మెషిన్ తిప్పింది. పసుపు పూత మెరుస్తూ వచ్చింది, దాని కింద నా గీతలన్నీ మట్టి మరకల్లా తేలాయి. గోటితో గీకాను, చీర కొంగుతో రుద్దాను. పోలేదు.

"లక్క అద్దం లాంటిదమ్మా. కిందేటుంటే అదే కనపడతాది. సెరుపుదామంటే అవ్వదు."

"మరి తప్పు పోతే?"

"పోతే పోద్ది. ఇంకో కర్ర పెట్టుకుంటాం. బయపడి ఆనిస్తే మాత్రం రంగు అంటదు."

నా నిర్వాకం చూపించి నవ్విద్దామని, బస్సు దిగి తిన్నగా మేడమ్ గారింటికి వెళ్ళాను. ఆవిడ నవ్వలేదు. భరిణెను కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

"ఈ లత చూసి గీసేవా?"

"లేదండీ. అలా వచ్చేసింది."

"ఇది నా చీరల మీద నేను వేసుకునే లత. ఆకు వంపుతో సహా." భరిణె నా చేతిలో పెట్టారు. "నీ బొమ్మ అయ్యేవరకూ ఇటు రాకు."

ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఈ గీత నేర్పిందెవరు మరి?

రెండు వారాలు తిన్న చోట తినకుండా, కూర్చున్న చోట కూర్చోకుండా తిరిగాను. ఎన్ని కాగితాలు పాడుచేశానో చెప్పుకుంటే సిగ్గు. చివరికి పెన్సిల్ ముట్టకుండా, తడి బ్రష్‌తోనే లక్కబొమ్మల ఆవిడను వేశాను. పొట్టి మెడ, మెషిన్ మీదికి వంగిన వీపు, కర్రపొట్టు పడకుండా చికిలించిన కళ్ళు. ఒక భుజం వంకరగా వచ్చింది. అలాగే ఉంచేశాను.

గడువుకు రెండు రోజుల ముందు మేడమ్ గారికి చూపించాను. చాలాసేపు చూశారు.

"నాకు నచ్చలేదు," అన్నారు. "మెడేటి, అలా కుదించీసేవు? నేనైతే ఇలా వెయ్యను."

ఆవిడ బొమ్మను జాగ్రత్తగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి నాకందించారు.

"పంపించు. బేగి."

ఎనిమిదేళ్ళలో నా బొమ్మను ఆవిడ దిద్దకుండా తిరిగివ్వడం అదే మొదలు.