ఇంజను చల్లారేదాకా

సూరత్‌లోని వరాఛాలో చెరకు రసం బండి దగ్గర పాత డీజిలింజను టకటకమని మోత పెడుతోంది. పక్కాయన చెవులు మూసుకున్నాడు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. దాన్ని వినడం నేర్పింది మా ఉస్తాద్ రాజయ్య. ఊరి శివారున సచిన్ అనే పేటలో ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. మగ్గాల పనికని సూరత్ వచ్చి, నోటిదురుసుతో ఎక్కడా నిలవని నన్ను పిలిచి మరీ పనిలో పెట్టుకున్నాడు.

ఇంజనులోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వును నొక్కేది టాపెట్. రెంటి మధ్యా సన్నని సందుండాలి. పలచని రేకు దూర్చి దాన్ని కొలుస్తారు. కొత్తలో నేను సందే లేకుండా బిగించి, చప్పుడు పోగొట్టానని మురిసిపోయాను. ఉస్తాద్ నవ్వాడు. "షోకుగ జేసినవ్ గని, వేడెక్కితే ఇనుము సాగుతది. జర జాగా ఇడువకుంటే వాల్వు మూస్కోదు, ఇంజను దమ్ము పోతది. సప్పుడు జేస్తె జెయ్యనీ."

కరోనా రెండో విడతలో ఆయన నవాగామ్‌లోని ఇంట్లోనే మంచం పట్టాడు. ఆసుపత్రుల్లో చోటు లేదు. ఆక్సిజన్ మెషిన్ అద్దెకు తెచ్చాం. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. పెరట్లో ఉన్న పాత జనరేటర్ తిప్పితే, కాసేపు నడిచి వేడెక్కగానే ఆగిపోయింది. మూత తీస్తే టాపెట్లలో సందే లేదు. మోత భరించలేమని గల్లీవాళ్లు పోరుపెడితే, ఉస్తాద్ ఇంట్లో లేనప్పుడు ఎవరో మెకానిక్ వచ్చి బిగించిపోయాడట. ఒళ్లు మండిపోయింది.

రెంచి పట్టుకున్నాను గానీ ఇంజను కాలిపోతోంది. వేడి మీద కొలత అబద్ధమాడుతుంది. ఆయనకు పెట్టిన ఒక్క చిన్న ఆక్సిజన్ సిలిండరూ అడుగంటుతోంది.

"ఇంకెంతసేపు బిడ్డా? ఆయన ఎగపోస్తుండు!" అని ఉస్తాద్ భార్య ఏడ్చింది. నేనామెను చిన్నమ్మా అంటాను.

"అందాజ మీద వదులు జేస్త ఉస్తాద్," అన్నాను కిటికీలోంచి.

ఆయన మాస్కు పక్కకు జరిపాడు. "సల్లారనీ బిడ్డా. మల్ల బందైతే ఎట్ల? నేను ఆగుత."

అంత పొడుగు మధ్యాహ్నం నా జన్మలో ఎరగను. మాటిమాటికీ ఇనుము మీద అరచెయ్యి పెట్టి చూశాను. నీళ్లు కుమ్మరిద్దామనిపించింది, పగులుతుందని మానుకున్నాను. చివరికి చెయ్యి నిలిచింది. రేకు కాస్త పట్టి పట్టి జారేలా సందు కుదిర్చి, హ్యాండిల్ తిప్పాను. టకటకా అందుకుంది. వేడెక్కింది. ఆగలేదు. మెషిన్ మళ్లీ ఊదసాగింది. చిన్నమ్మ గడపలో కూలబడి దండం పెట్టింది, దేవుడికో ఇంజనుకో తెలియదు. "సప్పుడు మంచిగున్నది," అని ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. ఆయన ఎగపోత తగ్గి నిద్రపోయేదాకా నేను కిటికీ వదల్లేదు. తర్వాత పెరట్లో కూర్చుని హాయిగా ఏడ్చాను.

ఆయన బతికాడు. ఇప్పుడు జగిత్యాల దగ్గర సొంతూళ్లో ఉండి ఫోన్లో నన్ను తిడుతుంటాడు. షెడ్డు నేనే నడుపుతున్నాను. గిరాకీలు నెత్తిమీద నిలబడి "జల్దీ, జల్దీ" అంటారు. ఒకప్పుడైతే కయ్యానికి దిగేవాణ్ణి. ఇప్పుడు నవ్వి ఊరుకుంటాను. ఊపిరాడని మనిషే నా పనికి సమయమిచ్చాడు. అంతకన్నా తొందరపని నాకింతవరకు తగల్లేదు.