ఎవరూ రాని ఊరికి షీల్డు

మా ఇల్లు బందరులో. ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాను. నేను రాసే భాష అంకెల్ని ఒక్కొక్కటిగా పట్టుకోదు. వరుసలకు వరుసలు, పట్టికలకు పట్టికలు ఒకేసారి తీసుకుంటుంది. వందమంది మార్కులు కూడాలన్నా, వాటిలో పెద్దది ఏదో చూడాలన్నా ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను చూసుకుని కాస్త మురిసిపోతుండేదాన్ని కూడా.

మా చర్చిలో ఏటా దసరా సెలవుల్లో సండే స్కూలు పిల్లలకు బైబిల్ క్విజ్ పెడతారు. పెడన వైపు నుంచి, దివిసీమ నుంచి కూడా పిల్లలు వస్తారు. ఇరవై ప్రశ్నలు. మార్కులన్నీ పాస్టరు గారే కాగితం మీద కలిపేవారు. ఆయన ఫలితాలు చదివేసరికి పిల్లలు ఆకలికి సోలిపోయేవాళ్ళు.

"ఈసారి నేను చేసిపెడతానండీ అయ్యగారూ" అన్నాను.

కిందటేటి కాగితాలు తెచ్చుకుని ప్రోగ్రాం రాశాను. ఊరికో పట్టిక, పట్టికలో పిల్లలు ఒక్కొక్కరికీ ఒక వరుస, ప్రశ్నకో గడి. జవాబు సరైనదైతే ఒకటి, తప్పైతే సున్నా. ఊరి సగటు, ఊళ్ళో పెద్ద మార్కు, ఆఖరున ప్రత్యేక బహుమతి. పిల్లలందరూ ఇరవైకి ఇరవై తెచ్చుకున్న ఊరికి షీల్డు. అది ఇంతవరకు ఏ ఊరికీ రాలేదు. కిందటేడు అన్ని ఊళ్ళ వాళ్ళూ వచ్చారు కాబట్టి, ఒక్క వరుస కూడా లేని పట్టిక ఉండొచ్చని నాకు తోచలేదు.

క్విజ్ ముందు రోజు కృష్ణకు వరద నీళ్ళు వదిలారు. దివిసీమలో ఒక లంక ఊరికి పడవ ఆపేశారు. ఆ ఊరి సండే స్కూలు టీచరు గారు మాత్రం రెండు రోజుల ముందే గుడివాడలో చెల్లెలింటికి వచ్చి ఉన్నారు. యాభై దాటిన మనిషి. పొద్దున్నే బస్సెక్కి ఒక్కరే వచ్చి, హాల్లో వెనక బల్ల మీద కూర్చున్నారు.

పన్నెండు కాకుండానే ఫలితాల కాగితం పాస్టరు గారి చేతిలో పెట్టాను. ఒకసారి చదివి చూసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. ఆయన మొదటి బహుమతి, రెండో బహుమతి చదివారు. ఆఖరి లైను దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, మైకులో గట్టిగా ఆ లంక ఊరి పేరు చదివారు.

"దేవునికి స్తోత్రం! పిల్లలందరూ ఇరవైకి ఇరవై!"

హాలంతా చప్పట్లు. టీచరు గారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, మా పిల్లలు ఒక్కళ్ళు కూడా రాలేదండీ. పడవ ఆపేశారు."

అందరూ ఒకటే నవ్వు. పాస్టరు గారు కాగితం మళ్ళీ చూశారు. "పెద్ద మార్కు దగ్గర మైనస్ పెట్టి ఇంత పొడుగు అంకె ఉందేంటమ్మా?" అన్నారు, మైకు తియ్యకుండానే. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

భోజనాల దగ్గర టీచరు గారు నా పక్కనే కూర్చున్నారు.

"అసలు మాకెట్లా ఇచ్చిందమ్మా అది షీల్డు?"

"తప్పు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతికిందండీ. ఒక్కళ్ళూ దొరకలేదు. అందుకని అందరూ కరెక్టే అని రాసింది."

ఆవిడ పకపకా నవ్వారు. "అబద్ధమేం కాదుగా!"

నాకు ధైర్యం వచ్చింది. "ఏం లేదండీ, ఎవరూ రాని ఊరిని లిస్టులోంచి తీసేస్తే సరిపోద్ది. చిటికెలో పని."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఊరు తీసేస్తారా? మూడు నెలలు కూర్చోబెట్టి నేర్పించానమ్మా. పద్దెనిమిది మంది. రాలేదని రాయండి. ఊరు మాత్రం తీసేయమాకండి."

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ప్రోగ్రాం తెరిచాను. చూస్తే ఆ భాష చేసినదాంట్లో తప్పేమీ లేదు. ఖాళీ వరుసను కూడితే సున్నా ఇస్తుంది. ఆ సున్నాకు తర్వాత ఏది కలిపినా లెక్క చెడదు. పెద్ద మార్కు అడిగితే మైనస్ వైపు తనకు తెలిసిన అతి చిన్న అంకె ఇస్తుంది. తర్వాత ఏ మార్కు వచ్చి చేరినా అదే పెద్దది అవుతుంది. 'అందరూ ఒప్పేనా' అంటే 'అవును' అనడం కూడా అందుకే, తర్వాత వచ్చే జవాబుకు అడ్డు రాకుండా. సగటు దగ్గర మాత్రం సున్నాను సున్నాతో భాగించి, ఆ భాషలో ఉన్న పద్ధతి ప్రకారం ఒకటి అని వేసుకుంది. అది నేను చూసుకోవాల్సింది. ఎంతమంది అని ముందు అడగకుండా మిగతావన్నీ అడిగాను.

ఊరిని తీసేయలేదు. పిల్లలు లేకపోయినా ఆ పట్టిక తనకు ఇరవై గడులున్నాయని మర్చిపోలేదు. కాబట్టి మిగతా ఊళ్ళతో పాటే దాన్నీ అచ్చు వేయొచ్చు. లెక్కలో ఎవరూ లేకపోతే సగటు దగ్గర, పెద్ద మార్కు దగ్గర 'రాలేదు' అని పడేట్టు రాశాను. సున్నా వేయబుద్ధి కాలేదు, పరీక్ష రాసి తప్పినట్టు ఉంటుందని. షీల్డుకు కనీసం ఒక్కరైనా వచ్చి ఉండాలన్నాను. అన్నీ కలిపి మూడు లైన్లు. ఆ ఊపులో కంపెనీ పని కూడా వెతికితే ఇలాంటివే రెండు దొరికాయి. ఎవరూ అడగకముందే సరిచేసి, ఆ రోజంతా హాయిగా ఉన్నాను.

కొత్త కాగితం ఫొటో తీసి టీచరు గారికి పంపాను. "చూశానమ్మా. బాగుంది" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

రెండు వారాలకు నీళ్ళు తగ్గాయి. పాస్టరు గారు, నేను పడవెక్కి ఆ ఊరు వెళ్ళి వాళ్ళ చర్చిలోనే క్విజ్ పెట్టాం. పద్దెనిమిది మందికి పద్దెనిమిది మందీ వచ్చారు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నేను చదువుతుంటే టీచరు గారు నోటు పుస్తకంలో రాసుకున్నారు.

"సగటు పద్నాలుగండీ. పెద్ద మార్కు పంతొమ్మిది."

"కిందటేడు మాకు పదకొండేనమ్మా!" అన్నారు ఆవిడ. పుస్తకం మూసి, చేపల పులుసు చల్లారకముందే రమ్మని మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళారు.